శ్రీబాగ్ గృహయజమాని

మదరాసు నగరంలోని మైలాపూరుకు ఆంధ్రరాష్ట్ర చరిత్రలో స్థానం కల్పించిన గృహం శ్రీబాగ్. లజ్ ప్రాంతంలోని ఆ భవనం పేరిట వెలసిన ఒడంబడికను గురించి వినని తెలుగువారు తక్కువ. ఆ గృహయజమాని దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితాన్ని ఎరిగినవారు మాత్రం నానాటికీ అరుదవుతున్నారు.

పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రులో జన్మించారు. మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, జీవనోపాధికై కలకత్తాకూ, అటుపై బొంబాయికీ వెళ్ళారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీని ప్రారంభించారు. సంగీత సభలలో ఆ లేపనాన్ని ఉచితంగా పంచి ప్రచారం చేసేవారని ప్రతీతి. తలనొప్పి ఏ కులానికీ, ఏ ప్రాంతానికీ ప్రత్యేకం కాదు గనుక ఆ చిన్న సీసా దేశమంతటా తిరిగి ఆయనకు విశేష ధనాన్ని ఆర్జించిపెట్టింది.

అమృతాంజనం తెచ్చిన ధనాన్ని పత్రికలూ, పుస్తకాలూ ఆరగించాయి. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మదరాసుకు తరలివచ్చి దినపత్రిక అయింది. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వెలువడ్డాయి. కొమర్రాజు లక్ష్మణరావుగారి మరణంతో ఆగిన విజ్ఞాన సర్వస్వ భారాన్ని సైతం పంతులుగారే తలకెత్తుకొన్నారు. అరువది దాటిన వయస్సులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని చెరసాలకు వెళ్ళి, అక్కడ భగవద్గీతకు వ్యాఖ్య వ్రాశారు.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అనంతపురానికి గాక వాల్తేరుకు దక్కడం రాయలసీమవారి మనస్సులను నొప్పించింది. ప్రత్యేక రాష్ట్రం వస్తే సర్కారు జిల్లాలవారి పెత్తనమే సాగుతుందన్న శంక బలపడింది. అది నిరాధారమైన శంక అనలేము. అది తీరనిదే రాష్ట్రోద్యమం ముందుకు సాగే దారి లేదు. 1937 నవంబరు 16న ఉభయ ప్రాంతాల నాయకులు శ్రీబాగులో సమావేశమయ్యారు. కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు మొదలైన పెద్దలు ఒక అంగీకారానికి వచ్చారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం నెలకొల్పాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వినియోగంలో రాయలసీమ, నెల్లూరు జిల్లాలకు పదేళ్ళపాటు లేదా అవసరమైనంత కాలం ప్రాధాన్యమివ్వాలి. రాజధాని, హైకోర్టు చెరొక ప్రాంతంలో ఉండాలి. అందులో ఏది కావాలో కోరుకొనే హక్కు రాయలసీమది.

కృష్ణాతీరంలో పుట్టిన పంతులుగారి ఇంట రాయలసీమ పెద్దలు నిస్సంకోచంగా కూర్చుండి తమ హక్కులను అడుగగలిగారు. అది ఆ గృహస్థు ఔదార్యానికి దక్కిన గౌరవం. ఒడంబడిక కుదిరిన అయిదు నెలలు నిండకుండానే, 1938 ఏప్రిల్ 11న ఆయన పరమపదించారు.

1952 డిసెంబరు 15న అదే మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారు నిరశనదీక్షలో ప్రాణాలర్పించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. మరుసటి సంవత్సరం గుంటూరులో హైకోర్టు ఏర్పడింది. మాట అంతవరకు చెల్లింది. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలింది. నదీజలాల షరతును గురించి రాయలసీమ నేటికీ అడుగుతూనే ఉన్నది. ఇంతకూ, ఆ ఒడంబడికకు చోటిచ్చిన మదరాసు నగరం ఆంధ్రరాష్ట్రంలో చేరలేదు. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. లజ్ ప్రాంతంలోని విశాలమైన ఉద్యానవనాన్ని మాత్రం తమిళులూ, తెలుగువారూ పంతులుగారి పేరుతోనే పిలుస్తున్నారు.