కరువుని కరువనే రాసిన బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి మద్రాసులో దిగేనాటికి ఆయనకి తెలుగు రాదు. జిల్లాల్లో కొలువంటే అక్కడి భాష రావాలి. ఇప్పటి కంపెనీ ట్రైనింగ్ లాంటిదే అనుకోండి. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర నేర్చుకున్నారు. 1820లో కడప వచ్చాక జనం నోటి తెలుగు చెవిన పడింది.

ఇక్కడే అసలు చిక్కు. మనం దెబ్బలు తింటాం, మనకి ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది. వీటిని మాటకి మాట పెట్టి ఇంగ్లిష్‌లోకి మారిస్తే నవ్వులాటే. ఇంటర్వ్యూలో మనోళ్లు ఫ్యాన్ వేయమనడానికి ‘ఓపెన్ ద ఫ్యాన్’ అంటారు చూడండి, అదే తంతు తిరగేసి. అందుకే బ్రౌన్ ఒక మాటకి ఒక అర్థం రాసి వదిలేయలేదు. ఏ సందర్భంలో ఎలా వాడతారో చిన్న చిన్న వాడుకలతో చూపించారు. తెలుగు, ఇంగ్లిష్ సంభాషణలతో విడిగా ఒక పుస్తకమే వేశారు. కచేరీల్లో తిరిగే ఉర్దూ, పార్శీ మాటల్ని కూడా గెంటేయకుండా 1854లో మిశ్రభాషా నిఘంటువు తెచ్చారు. కన్నడం కలిపి మాట్లాడే మన కుందుర్పి వాళ్లకి ఈ పద్ధతి తెగ నచ్చాలి!

కడపలో బంగళా కొని పండితుల్ని జీతాలకి పెట్టుకున్నారు. తాళపత్రాలు సేకరించి శుద్ధ ప్రతులు రాయించారు. ఇదంతా సొంత డబ్బుతో, అప్పులు చేసి మరీ. వేమన పద్యాలు ఇంగ్లిష్ అనువాదంతో 1829లో అచ్చయ్యాయి.

1832-33లో గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు ఊడ్చేసింది. అప్పుడు బ్రౌన్ అక్కడే ఉద్యోగంలో ఉన్నారు. పైవాళ్లకి కాగితాల మీద ‘కొరత’ అన్న మాటే ఇష్టం. ఆయన మాత్రం ‘కరువు’ అనే రాశారని చెబుతారు. కొరతకీ కరువుకీ తేడా ఏంటో మన కుందుర్పిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

1834లో ఉద్యోగం పోయింది. కారణాల జోలికి నేను పోను. లండన్ వెళ్లి, ఊరికే కూర్చోకుండా అక్కడి తెలుగు రాతప్రతులు సర్దారు. మళ్లీ మద్రాసు వచ్చింది పార్శీ అనువాదకుడి ఉద్యోగానికి! 1840లో వ్యాకరణం, 1852 నుంచి నిఘంటువులు వచ్చాయి. అంటే మనం ఆయన్ని గుర్తుపెట్టుకున్న పనుల్లో చాలా భాగం ఉద్యోగం ఊడిన తర్వాతివే. రిటైరయ్యాక లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్‌గా చేశారు. 1884 డిసెంబర్ 12న పోయారు.

ఆయన కడప బంగళా ఉన్న చోట ఇప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. దాని కోసం ఏళ్ల తరబడి తిరిగింది మన రాయదుర్గంలో పుట్టిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు. నిఘంటువు నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ‘పడు’ అన్న మాట దగ్గర ఆగి, దానికి ఎన్ని వాడుకలున్నాయో ఓసారి చూడండి.