పక్షుల నేస్తము సలీం అలీ

వానకారు వచ్చి చెఱువులు నిండినంతనే తెలుగునేలపై ఒక సుందరదృశ్యము కానవచ్చును. రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము పెద్దచెఱువు వంటి జలాశయములకు కొంగలును నీటికాకులును బారులు తీరి చేరును. నీటి నడుమ తుమ్మచెట్లున్న చోట్ల అవి పుల్లలు పేర్చి గూళ్లు కట్టుకొనును. చుట్టును నీరుండుటచే నక్కలు, పిల్లులు చెట్లను సమీపింపజాలవు. ఆ కాలమున చేపపిల్లలు సమృద్ధిగా దొరకుటచే పక్షిపిల్లలకు ఆకలిబాధ యుండదు. పక్షిని చంపి పరీక్షించుటయే చాలదనియు, బ్రతికియున్న పక్షి నడవడిని ఓపికతో గమనింపవలెననియు భారతీయులకు నేర్పిన మహనీయుడు సలీం అలీ.

ఆయన 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. తల్లిదండ్రుల సంతానములో కడపటివాడు. మూడేండ్లు నిండునప్పటికే తల్లిదండ్రులిరువురును గతించిరి. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఆ బాలుని పెంచెను. ఒకనాడు బాలుడు బొమ్మతుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని గొంతుకపై పసుపుపచ్చని మచ్చ యుండెను. అది యే జాతిదో మేనమామకును తెలియలేదు. ఆయన బాలుని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపెను. సంఘ కార్యదర్శి మిల్లర్డు దొర ఆ పిచ్చుక జాతిని తెలిపి, అచట భద్రపఱచిన పక్షుల నెల్ల చూపెను. బాలుని జీవితమార్గము ఆనాడే నిర్ణయమయ్యెను.

కాని ఆ మార్గము సుగమము కాలేదు. బర్మాలో కొంతకాలము వ్యాపారము చేసి, తిరిగివచ్చి, 1926లో ఆయన బొంబాయి వస్తుప్రదర్శనశాలలో ఉపన్యాసకుడయ్యెను. పిదప బెర్లిను నగరమునకేగి స్ట్రెసెమన్ పండితుని యొద్ద పక్షిశాస్త్రము నభ్యసించెను. 1930లో మరలి వచ్చునప్పటికి ధనాభావముచే ఆ ఉద్యోగమే రద్దయ్యెను. ఆయన నిరాశ చెందక, భార్య తెహ్మీనాతో సముద్రతీరమున కిహీం గ్రామము చేరి, గిజిగాని గూళ్లను పరిశీలింప మొదలిడెను. మగపక్షి గూటిని సగము కట్టుననియు, ఆడపక్షి వచ్చి మెచ్చిన పిమ్మటనే దానిని పూర్తిచేయుననియు, ఆమె గ్రుడ్లపై కూర్చుండగనే మఱియొక గూటికి పూనుకొనుననియు కనుగొనెను.

పిమ్మట సంస్థానములు ప్రయాణవ్యయము భరించినచో తాను జీతము లేకయే పక్షుల లెక్క తీయుదునని ముందుకు వచ్చెను. అట్టి పరిశోధనలలో మొదటిది 1931లో మన హైదరాబాదు సంస్థానమున జరిగెను. తెహ్మీనా అడవులలో ఆయనకు తోడునీడయై నిలిచెను. 1939లో ఆమె మరణించుట ఆయనకు తీరని దుఃఖము. అయినను కృషి మానక, 1941లో భారతదేశ పక్షులను గూర్చి సామాన్యులకును బోధపడు గ్రంథమును ప్రకటించెను.

రాజస్థానమునందలి భరత్‌పూరు చెఱువు నీటిపక్షులకు ప్రసిద్ధమైన గూళ్లతావు. రాజులు దానిని వేటభూమిగా వాడుకొనిరి. 1938లో ఒక్క దినముననే అచట 4,273 పక్షులు నేలకూలెను. స్వాతంత్ర్యానంతరము ఆ చెఱువు నెండించి పొలములు చేయవలెనని కొందఱు కోరగా, సలీం అలీ ప్రధాని నెహ్రూకు విన్నవించి దానిని కాపాడెను.

అచట గేదెల మేత పక్షులకు హానికరమని ఆయన తలంచెను. 1982లో ప్రభుత్వము మేతను నిషేధించెను. ఆ కలతలలో కొందఱు గ్రామస్థులు ప్రాణములు కోల్పోయిరి. కాని గేదెలు లేకపోగా గడ్డి దట్టముగా పెరిగి నీటిని కప్పివేసెను; పక్షులకు నష్టమే కలిగెను. ఈ సత్యమును పదియేండ్లు పరిశీలించి వెల్లడించినది ఆయన పెంచి పోషించిన సంఘమే. ఎంతటి పండితుని తలంపునైనను పరిశీలనతో సరిచూడవలెనను పాఠమును ఆ చెఱువే నేర్పెను.

1958లో పద్మభూషణ, 1976లో పద్మవిభూషణ బిరుదము లాయనను వరించెను. 1985లో రాజ్యసభ సభ్యుడయ్యెను. 1987లో, తొంబదియేండ్ల వయస్సున, ఆయన దివంగతుడయ్యెను.

చెఱువులోని నీరు పైరునకు ప్రాణము, పక్షికి పురుడుపోసుకొను నిల్లు. గట్టుపై నిశ్శబ్దముగా నిలిచి, గూటిలోని పిల్లకు తల్లి మేత తినిపించుటను కనులార చూచిన బాలుడు దానిపై రాయి విసరజాలడు. ఒక పిచ్చుకను కొట్టిన బాలుడే కాలక్రమమున పక్షులకు రక్షకుడైన కథ మనకందించు నీతి ఇదియే.