ఎర్నెస్ట్ మాక్

ఎర్నెస్ట్ మాక్ (ఫిబ్రవరి 18, 1838 - ఫిబ్రవరి 19, 1916) ఆస్ట్రియాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త, తత్వవేత్త. విమాన వేగాన్ని ధ్వని వేగంతో పోల్చి చెప్పే మాక్ సంఖ్య ద్వారా ఈయన పేరు విద్యార్థులకు సుపరిచితము. ఆ పేరు ఈయన మరణానంతరం, 1929లో స్విట్జర్లాండ్ ఇంజనీరు యాకోబ్ అకెరెట్ పెట్టినది. శరీరం కదులుతున్నదనీ, ఏది నిలువు, ఏది వాలు అనీ మనిషికి ఎట్లా తెలుస్తుందో ప్రయోగపూర్వకంగా శోధించిన తొలివారిలో మాక్ ముఖ్యుడు. ఈ కృషికి రావలసినంత ప్రచారం రాలేదు.

బాల్యము, విద్య

మాక్ మొరావియాలోని బ్ర్నో నగర సమీపాన జన్మించాడు. బాల్యంలో తండ్రి వద్దనే చదువుకున్నాడు. కొంతకాలం వడ్రంగం కూడా నేర్చాడు. 1860లో వియన్నా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, అక్కడ వైద్య విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించాడు. 1864లో గ్రాజ్‌లోను, 1867లో ప్రాగ్‌లోను ఆచార్యుడయ్యాడు. ప్రాగ్‌లో 28 సంవత్సరాలు పనిచేశాడు.

చలన సంవేదనలపై పరిశోధన

ఒకసారి రైలు మలుపు తిరుగుతుండగా బయటి ఇళ్ళు, చెట్లు ఒరిగిపోయినట్లు మాక్‌కు కనిపించాయి. భూమ్యాకర్షణ, మలుపు వలన కలిగే బలం కలిసిన ఫలిత దిశనే శరీరం నిలువుగా భావిస్తుందని, అందువలన నిజంగా నిలువుగా ఉన్నవి వాలినట్లు తోస్తాయని ఆయన ఊహించాడు.

దీనిని పరీక్షించడానికి పెద్ద చట్రంలో తిరిగే కుర్చీని అమర్చి, అందులో తానే కూర్చున్నాడు. బయటి దృశ్యాలు కనబడకుండా కుర్చీ చుట్టూ కాగితపు గది కట్టించాడు. ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే కాసేపటికి తిరుగుతున్న భావనే పోతుంది. ఆపగానే వ్యతిరేక దిశలో తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. అంటే మనకు తెలిసేది వేగం కాదు, వేగంలోని మార్పు మాత్రమే. లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు కోణీయ త్వరణాన్ని గ్రహిస్తాయని మాక్ నిర్ధారించాడు. వియన్నా వైద్యుడు జోసెఫ్ బ్రాయర్, ఎడింబరో రసాయన శాస్త్రవేత్త క్రమ్ బ్రౌన్ కూడా అదే కాలంలో స్వతంత్రంగా ఇటువంటి సిద్ధాంతానికే వచ్చారు. (ఈ బ్రాయరే తరువాత ఫ్రాయిడ్‌తో కలిసి హిస్టీరియాపై గ్రంథం రాశాడు.) మాక్ 1875లో తన ఫలితాలను పుస్తకంగా ప్రకటించాడు.

చెవి ఒక్కటే చాలదని కూడా ఆయన గుర్తించాడు. వంతెనపై నిలబడి పారే నీటిని తదేకంగా చూస్తే వంతెనతో సహా మనమే కదులుతున్నట్లు తోస్తుంది. కంటికి కనబడేది, చెవి చెప్పేది, చర్మము, కండరాలు తెలిపే ఒత్తిడి కలిసే ఈ అనుభూతి ఏర్పడుతుంది. అవి పరస్పరం విభేదించినపుడు భ్రమ కలుగుతుంది. మేఘాలలో చిక్కిన విమాన చోదకుడు దిశ కోల్పోవడానికి కారణం ఇటువంటిదే.

ఈ సిద్ధాంతానికి చక్కని నిదర్శనాలు క్రైడల్ చూపాడు. 1891లో ఆయన బధిర బాలలను రంగులరాట్నం వంటి యంత్రంపై తిప్పగా, వారిలో పలువురికి నిలువు విషయంలో మామూలువారికి కలిగే భ్రమ కలుగలేదు. 1893లో రొయ్యల సమతౌల్య అవయవంలోకి ఇసుకకు బదులు ఇనుపరజను చేరేటట్లు చేసి, అయస్కాంతం దగ్గరకు తెచ్చి అవి ఒరిగిపోవడం చూపాడు.

తాత్విక దృక్పథం

ఇంద్రియానుభవానికి అందని దానిని విజ్ఞానంలో చేర్చరాదని మాక్ వాదం. అందువలన పరమాణువుల ఉనికిని చాలాకాలం అంగీకరించలేదు. బోల్ట్‌జ్‌మన్‌తో తీవ్రంగా విభేదించాడు. చెవిలో కంటికి కనబడని కుల్యల పనిని కేవలం అనుమాన ప్రమాణంతో నిరూపించినవాడే పరమాణువును కాదనడం విచిత్రము. 1909లో లెనిన్ ఈయన తత్వాన్ని ఖండిస్తూ గ్రంథం ప్రచురించాడు.

చివరి దశ

1895లో మాక్ వియన్నాలో ఆచార్య పదవి స్వీకరించాడు. అంతకు ముందు ఏడాదే కుమారుడు హైన్రిక్ ఆత్మహత్య చేసుకున్నాడు. 1898లో రైలు ప్రయాణంలో ఉండగా మాక్ కుడి చేయి, కాలు హఠాత్తుగా చచ్చుబడ్డాయి. ఆ అవయవాలను కదల్చబోయినపుడు తనకు కలిగిన అనుభూతులను కూడా పరిశీలించి గ్రంథస్థం చేశాడు. 1901లో పదవీ విరమణ చేశాడు. 1913లో మ్యూనిక్ సమీపంలోని వాటర్‌స్టెటెన్‌లో కుమారుడు లుడ్విగ్ వద్దకు చేరి, అక్కడే మరణించాడు.