పేర్లకు, నంబర్లకు కాపలా ఉన్న మనిషి: జాన్ పోస్టెల్



ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏ క్లాసు హాజరుపట్టీ తీసినా ఈరన్న అనే పేరు ఒకటికి రెండుసార్లు కనిపించడం మామూలే. ఉరుకుంద ఈరన్న స్వామి మీద మన ప్రాంతానికి ఉన్న భక్తి అలాంటిది. టీచర్ ఆ పేరు పిలిస్తే ఇద్దరు పిల్లలు లేచి నిలబడతారు. అందుకే ఇంటిపేరు అక్షరం చేర్చి పిలుస్తాం, రోల్ నంబరు కూడా ఇస్తాం. పిలవడానికి పేరు, లెక్కకు నంబరు. ఈ రెండూ పట్టీలో తప్పు లేకుండా ఉంటేనే ఒకరి మార్కులు ఇంకొకరికి పడవు.

కంప్యూటర్లకూ ఇదే అవసరం. వాటి నంబర్ల పట్టీని పాతికేళ్లకు పైగా చూసుకున్న వ్యక్తి జాన్ పోస్టెల్. ఆయన పేరు మనలో చాలామంది విని ఉండం. కానీ మీ ఇంట్లోని ప్రతి ఫోనూ, కంప్యూటరూ ఆయన పని మీదే నడుస్తోంది.

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టారు. వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడే 1974లో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ పొందారు. 1969లో ఇంటర్నెట్‌కు తల్లివేరులాంటి ఆర్పానెట్ మొదలైనప్పుడు, దానికి కలిసిన మొదటి కంప్యూటర్ యూసీఎల్ఏలోనే ఉంది. ఆ జట్టులో పోస్టెల్ ఒక విద్యార్థి.

కొత్త నెట్‌వర్క్ ఎలా పనిచేయాలో ఆ విద్యార్థులు నోట్సు రాసుకునేవారు. వాటిని ఆర్ఎఫ్‌సీలు అంటారు. మొదటిది స్టీవ్ క్రాకర్ రాశారు. వాటిని సరిదిద్ది, వరుస నంబరు వేసి, అందరికీ అందించే బాధ్యత పోస్టెల్ తీసుకున్నారు. ప్రాణం ఉన్నంతవరకు ఆ పని వదల్లేదు. ఏ పనికి ఏ నంబరు వాడాలో ఒకరు చూసుకోవాలని 1972లో ప్రతిపాదించి, ఆ బరువునూ తానే ఎత్తుకున్నారు.

చిట్టా రాయడం చిన్న పనే కదా అనిపించవచ్చు. కానీ మార్కెట్ యార్డులో పత్తి లాటుకు నంబరు తప్పు పడితే ఏమవుతుందో మన రైతులకు తెలుసు. ఒకరి సరుకు ఇంకొకరి లెక్కలో పడుతుంది. నెట్‌వర్క్‌లోనూ అంతే. రెండు యంత్రాలకు ఒకే నంబరు పడితే ఒకరికి పంపినది ఇంకొకరికి చేరుతుంది, లేదా ఎవరికీ చేరదు.

ఆ రోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. దాన్ని కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం నడిపేది. కొత్త యంత్రం వస్తే వారికి తెలపాలి, వారు పట్టీలో చేర్చాలి, అందరూ కొత్త పట్టీ దించుకోవాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ పద్ధతి సాగలేదు. అప్పటికి పోస్టెల్ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఐఎస్ఐలో పనిచేస్తున్నారు. దీనికి దారి వెతకమని అక్కడి పాల్ మోకపెట్రిస్‌కు అప్పగించారు. 1983లో మోకపెట్రిస్ రూపొందించిన డీఎన్ఎస్‌లో, ఎవరి పేర్ల పట్టీని వారే చూసుకుంటారు. ఇప్పుడు మనం వెబ్‌సైటు పేరు కొట్టగానే దాని నంబరు దొరికేది ఆ పద్ధతిలోనే.

దేశాలకు రెండక్షరాల గుర్తులు ఇవ్వాల్సి వచ్చినప్పుడు పోస్టెల్ ఒక తెలివైన పని చేశారు. ఏది దేశం, ఏది కాదు అన్న తగువు తన నెత్తిన వేసుకోలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ అప్పటికే తయారుచేసిన జాబితానే పాటించారు. మన దేశం గుర్తు డాట్ ఐఎన్ 1989లో అలాగే పట్టీకి ఎక్కింది.

పాత పద్ధతి గుర్తు ఒకటి ఇప్పటికీ మిగిలే ఉంది. లైనక్స్ కంప్యూటర్‌లో ఈటీసీ ఫోల్డర్ తెరిస్తే హోస్ట్స్ అనే చిన్న ఫైలు కనిపిస్తుంది. అందులో 127.0.0.1 అనే నంబరు, దాని పక్కన లోకల్‌హోస్ట్ అనే పేరు ఉంటాయి. కంప్యూటర్ తనను తాను పిలుచుకునే చిరునామా అది. మీ అబ్బాయి తయారుచేసిన వెబ్ పేజీని ఆ చిరునామాలో చూసుకుంటే, ఆ పిలుపు ఇంటి గడప దాటదు. 127తో మొదలయ్యే నంబర్లను పోస్టెల్ 1981 జాబితాలో ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారు. 1986లో జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి ఇచ్చిన జాబితాలో వాటిని ఈ పనికి కేటాయించారు.

ఒకే మనిషి మీద ఇంత బరువు ఉండటం మంచిదా అన్న ప్రశ్న చివరికి రానే వచ్చింది. 1998 జనవరి 28న, డీఎన్ఎస్‌కు మూలమైన సర్వర్లలో 8 సర్వర్ల నిర్వాహకులు ఆయన మాట మీద తమ దారిని ఐఎస్ఐ వైపు మళ్లించారు. ఇంటర్నెట్ ఆగలేదు. కానీ అమెరికా ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. అది పరీక్ష మాత్రమేనని చెప్పి ఆయన వెనక్కి మార్పించారు. సరే అన్నవారూ, తప్పు అన్నవారూ ఉన్నారు. ఈ బాధ్యత కోసం అదే ఏడాది సెప్టెంబరులో ఐకాన్ సంస్థ ఏర్పడింది. కొద్ది వారాలకే, 1998 అక్టోబరు 16న, గుండె శస్త్రచికిత్స తర్వాత పోస్టెల్ కన్నుమూశారు. వయసు 55. మిత్రుడు వింట్ సెర్ఫ్ రాసిన నివాళి కూడా ఆ ఆర్ఎఫ్‌సీల వరుసలోనే, 2468వ నంబరుతో చేరింది.

ఈ నెల ఇంట్లో ఒక చిన్న పని చేయండి. ఉబుంటులాంటి లైనక్స్ ఉంటే, మీ కంప్యూటర్ పేరేమిటో పిల్లల చేతనే చూపించుకోండి. పేరు మార్చాలనుకుంటే ముందు ఫైళ్ల నకలు తీయించండి. పేరులో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, మధ్యలో చిన్న అడ్డగీత మాత్రమే ఉండాలి. ఖాళీ ఉండకూడదు. హోస్ట్‌నేమ్ ఫైలులో మార్చి, హోస్ట్స్ ఫైలులో పాత పేరు వదిలేస్తే, తన పేరే తనకు తెలియదన్నట్టు కంప్యూటర్ హెచ్చరిక చూపుతుంది. రెండుచోట్లా ఒకే పేరు ఉండాలి. లోకల్‌హోస్ట్ వరుసను మాత్రం తాకకూడదు.

తప్పు జరిగితే కోప్పడకండి. ఎక్కడ సరిపోలలేదో పిల్లలనే వెతకనివ్వండి. రెండు పట్టీలను ఓపికగా పోల్చి చూడటం ఏ ర్యాంకు జాబితాలోనూ కనిపించదు. పోస్టెల్ బతుకంతా చేసిన పని అదే. ఆయన మాట మీద ప్రపంచం నమ్మకం పెట్టుకున్నదీ అందుకే.