మల్లన్నను వెతికాడు.. ఊరికి చెరువిచ్చాడు

షోలాపూర్: సంక్రాంతికి ఏడు నందిధ్వజాలు కదిలితే షోలాపూర్ అంతా సిద్ధేశ్వర గుడి దారి పడుతుంది. విడీ ఘర్కుల్‌లోని తెలుగు నేత, బీడీ కుటుంబాలకూ ఆయన ఊరి దేవుడే. ఒకప్పుడు మాత్రం ఆయన పశువులు కాసిన పిల్లవాడు.

12వ శతాబ్దంలో ఇక్కడి సొన్నలిగె గ్రామంలో ముద్దగౌడ, సుగ్గలదేవి దంపతులకు సిద్ధరాముడు పుట్టాడు. ఓరోజు పొలంలో మల్లయ్య పేరుతో ఓ జంగమయ్య వచ్చి ఆకలన్నాడట. ఇంటికెళ్లి పెరుగన్నం తెచ్చేసరికి మనిషి లేడు. ఆయన్ను వెతుక్కుంటూ యాత్రికుల వెంట మన శ్రీశైలం చేరాడు. గుడిలో లింగాన్ని చూపించినా మనసు నిలవక లోయలో దూకబోతే, మల్లన్నే ఆపి ఊరికి పంపాడని ప్రతీతి.

తిరిగొచ్చి ఊరికే జపం చేస్తూ కూర్చోలేదు. గుడి కట్టాడు. జనాన్ని కూడగట్టి చెరువు తవ్వించాడు. ఒక్కడి ఆకలి చూసి కరిగిన మనసే ఊరందరి దాహం తీర్చింది.

అయితే ఆ మంచి పనుల్లోనూ ‘నేను’ అనే గర్వం ఉందని అల్లమప్రభు నిలదీశాడంటారు. సిద్ధరాముడు తల వంచాడు. బసవేశ్వరుడి కళ్యాణానికి వెళ్లి చెన్నబసవన్న దగ్గర దీక్ష తీసుకున్నాడు. అక్కడ చాకలి మాచయ్య, చెప్పులు కుట్టే హరళయ్య, అక్క మహాదేవి అందరూ శరణులే. కులం అడిగేవారు లేరు. పుణ్యం కోసం పెట్టడం వేరు, పక్కన సమానంగా కూర్చోబెట్టుకోవడం వేరని ఆయన జీవితం చెబుతుంది.

చివరికి సొంతూళ్లోనే సమాధి అయ్యాడు. ఆ సమాధి ఇప్పటికీ సిద్ధేశ్వర గుడి ఆవరణలో, చెరువు నీళ్ల మధ్యే ఉంది.