చీకట్లో చూపు గుట్టు విప్పిన జార్జ్ వాల్డ్

కార్వేటినగరంలో వేణుగోపాలస్వామి గుళ్లోకి ఎండలోంచి అడుగు పెట్టగానే కాసేపు ఏమీ కనపడదు. తర్వాత మెల్లిగా స్తంభాలు, పక్కన నిలబడ్డ మనుషులు ఒక్కొక్కరే తేలుతారు. ఆ కాసేపట్లో కంటిలోపల ఏం జరుగుతుందో ఓపిగ్గా వెతికినాయన జార్జ్ వాల్డ్.

1906లో న్యూయార్కులో పుట్టారు. వలస వచ్చిన యూదు కుటుంబం, తండ్రి దర్జీ. 1932లో డాక్టరేటు అయ్యాక బెర్లిన్ వెళ్లి, రెటీనాలో విటమిన్ ఎ ఉందని కనిపెట్టారు. అది తక్కువైతే రేచీకటి వస్తుందని అప్పటికే తెలుసు గానీ, కంటిలోనే దానికి పని ఉందని తెలీదు.

ఇంతలో హిట్లర్ గద్దెనెక్కాడు. వెనక్కి వచ్చెయ్యమని అమెరికా నుంచి కబురు. సరిగ్గా అప్పుడే హైడెల్‌బర్గ్ ప్రయోగశాలకి హంగరీ నుంచి మూడు వందల కప్పలొచ్చాయి. అందరూ సెలవుల్లో ఉన్నారు. ఇంకొకరైతే మూటాముల్లె సర్దుకునేవారు. ఈయన ఆ కప్పల కళ్లతోనే రెటినీన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. ఇది విటమిన్ ఎ నుంచే తయారవుతుంది.

1934లో హార్వర్డ్ చేరారు. అక్కడ ఆయనతో పనిచేసిన రూత్ హబ్బర్డ్ వియన్నా నుంచి 1938లో తప్పించుకొచ్చిన పిల్ల. కంట్లో ఈ అణువు వంగి కూర్చుని ఉంటుందట. వెలుగు సోకగానే నిటారవుతుంది. చూపులో వెలుగు చేసే పని ఇదొక్కటేనని వాళ్లు తేల్చారు. అణువు నిటారైతే దాన్ని పట్టుకున్న ప్రోటీన్ రూపం మారుతుంది, కణంలో విద్యుత్తు మారుతుంది, ఆ మార్పే నరాల మీదుగా మెదడుకి చేరుతుంది. మళ్లీ వంగిన అణువులు సిద్ధం కావాలి. గుళ్లో మనం తడుముకునేది అందుకే!

ఆ నిల్వ తిండిలోంచే పూడాలి. మునగాకు, తోటకూర, బొప్పాయి ఊరికే తినమనలేదు పెద్దలు. లోటు ముదిరితే నల్లగుడ్డు పాడై పసివాళ్ల చూపే పోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మన దేశంలో పిల్లలకి ఆరు నెలలకోసారి విటమిన్ ఎ చుక్కలు పోసే పథకం మొదలైంది.

1967లో వాల్డ్‌కి నోబెల్ వచ్చింది, మరో ఇద్దరితో కలిపి. ఆ ఇద్దరిలో రూత్ లేరు. అప్పటికి ఆవిడ ఆయన భార్య కూడా. నాకైతే ఇది మింగుడుపడదు. ఏళ్లతరబడి చిన్న ఉద్యోగంలోనే ఉండి, 1970ల్లో హార్వర్డ్ జీవశాస్త్ర విభాగంలో పర్మనెంటు ప్రొఫెసరైన మొదటి మహిళ అయ్యారామె.

పేరొచ్చాక వాల్డ్ ఇంట్లో కూర్చోలేదు. వియత్నాం యుద్ధం వద్దని, అణ్వాయుధాలు వద్దని ఊరూరా మాట్లాడారు. 1997లో కన్నుమూశారు. రూత్ 2016 దాకా ఉన్నారు.