యల్లాప్రగడ సుబ్బారావు

కొల్లేటి సరస్సునకు ఈవల పెదపాడు, ఏలూరు, ఆవల భీమవరము. ఈ పల్లపుసీమ జనులను బోదకాలు వ్యాధి తరతరములుగ పీడించినది. దానికి మందు నొసంగిన పరిశోధకుడు ఈ సీమయందే పుట్టెను.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచే ముందుగనే కొలువు చాలించుకొనిరి. తల్లి వెంకమ్మగారు పట్టుదల గల యిల్లాలు. బాలునకు చదువుపై బుద్ధి కుదరలేదు. పదమూడవ యేట, కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పోగా, తల్లి వెదకించి తెచ్చుకొనెనని చెప్పుదురు. మెట్రిక్యులేషన్ పరీక్షయందు రెండుమార్లు తప్పి, మూడవమారు మదరాసులో కృతార్థులైరి. ఆ పిమ్మట సన్యసింప దలచిరి గాని తల్లి సమ్మతింపలేదు. అందుచే మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. అచట ఖద్దరు ధరించినందులకు ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తి పడవలసి వచ్చెను.

1921లో సోదరు లిరువురు కొలది దినముల యెడముతో గ్రహణి రోగముచే మరణించిరి. సుబ్బారావుగారికిని అదే రోగము సోకెను. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే ప్రాణము దక్కినది. చేతిలో వైద్యపట్టము ఉండియు తోబుట్టువులను కాపాడలేకపోయిన ఆ దుఃఖము ఆయనను విడువలేదు. మామగారును, కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు సాయపడగా 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. రాత్రులు ఆసుపత్రిలో కొలువు చేయుచు, పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి.

అచట సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో గూడి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఆడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను కండరములందు కనుగొనిరి. ఈ రెండవదానిని ఆ యేడే జర్మనీలో లోమన్ వేరుగ కనుగొనెను. జీవకణములు శక్తిని ఖర్చుపెట్టు నాణెము ఇదియే. శరీరపు బరువులో నూటికి రెండు వంతులే యుండు మెదడు, దేహశక్తిలో ఇంచుమించు అయిదవ వంతును హరించును!

1940లో సుబ్బారావుగారు హార్వర్డును వీడి పెరల్ రివరులోని లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అచట వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. గ్రహణివలన కలుగు రక్తహీనతకు అది మందయ్యెను. సోదరులు గతించి అప్పటికి ఇరువది నాలుగేండ్లు. ఆ ఆమ్లమునకు విరోధియైన అమినాప్టెరిన్‌ను కూడ ఆ బృందమే రూపొందించెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని రక్తపు క్యాన్సరుతో మరణోన్ముఖులైన పసివారి కొసంగగా, కొందరు లేచి తిరుగాడిరి. 1948లో ఈ వార్త ప్రకటితమైనది. కాని ఆ మేలు కొన్ని నెలలే నిలిచెను. వ్యాధి తిరుగబెట్టెడిది, తరువాతి కాలమున మందులు మెరుగైనను, పలువురిలో అది మెదడు పొరలలో దాగియుండి మరల తలయెత్తెడిది.

దీనికి హేతువు విచిత్రమైనది. 1885లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎర్లిక్ జంతువుల రక్తమున రంగు నెక్కించి చూడగా, తక్కిన అవయవములు రంగు పట్టెను గాని మెదడునకు అది అంటలేదు. మెదడులోని సన్నని రక్తనాళముల గోడలలో కణములు క్లాడిన్, అక్లూడిన్ మున్నగు మాంసకృత్తులచే సందులేకుండ బిగింపబడి యుండును. చేపలచెరువు గట్టునకు మట్టి మెత్తి బిగించినట్లన్నమాట. తలకు గట్టిదెబ్బ తగిలినచో ఈ బిగింపులు సడలి, రక్తములోని నీరు లోనికి ఊరి మెదడు వాచును; ఆ మాంసకృత్తులు మరల తమ స్థానములందు కుదిరినగాని ఆ గట్టు నిలువదు. ఫోలిక్ ఆమ్లమువంటి అవసర వస్తువులను మెదడునకు చేర్చుటకు వేరు మాంసకృత్తులు పడవవాండ్రవలె పనిచేయును. క్యాన్సరు మందునకు మాత్రము ఆ గట్టును దాటుట దుర్లభము. కావున వైద్యులు అమినాప్టెరిన్ వంశమునకే చెందిన మెతోట్రెక్సేట్‌ను వెన్నెముకలోని ద్రవమునందు సూదితో నెక్కించు మార్గము చేపట్టిరి. నేటికిని అది వాడుకలో నున్నది.

ఆ మార్గము రూఢియగుట చూచుటకు సుబ్బారావుగారు లేరు. 1948 ఆగస్టులో, యాబదిమూడవ యేట, నిద్రలోనే కన్నుమూసిరి. ఆ యేడే వారి ప్రయోగశాలనుండి ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశిని వెలువడెను. అంతకు ముందటి యేడు బోదకాలునకు హెట్రజాన్ వచ్చెను. అమెరికాకు పోయిన పిదప ఆయన స్వదేశమునకు రానేలేదు. 2004వ సంవత్సరము మొదలుకొని భారతదేశమున బోదకాలు గల జిల్లాలలో, గోదావరి సీమయందును, ఇంటింటికి పంచిన మాత్రలు ఆ మందువే.